ఐదో కాంటూరు లోపల మన పేర్లు

కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో కాంటూరు అనే మాట అక్షరం ముక్క రానివాళ్లకి కూడా తెలుసు. "మీ చెరువు ఐదులోనా, మూడులోనా?" అని టీ కొట్టు దగ్గర అడుగుతారు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా పొలం ఎక్కడుందో ఆ లెక్కలోనే చెప్తారు. నేల సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో చెప్పే గీత అది. మూడు అడుగుల గీత దాకా నీళ్లు నిలిస్తే కొల్లేరు 135 చదరపు కిలోమీటర్లు. ఐదు అడుగుల దాకా నిలిస్తే 308. పది అడుగుల దాకా పోతే 901. సరస్సు ఒకటే, కొలతలు మూడు.

1999లో ప్రభుత్వం జీవో 120తో ఐదో కాంటూరు వరకు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కినప్పుడు పదో కాంటూరు వరకు లెక్క వేశారు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఎవరు అధికారంలో ఉన్నా ఒకటే పాట. మూడో కాంటూరుకి కుదించండి, పేదలు బతుకుతారు. అటు నగరాల్లో ఉన్న పర్యావరణ మిత్రులది ఇంకో పాట. ఆక్రమణదారుల్ని తరిమేయండి, పక్షులు బతుకుతాయి. ఈ రెండు పాటల్లోనూ మన పేరుంది. మొదటి దాంట్లో పేదలు మనమే, రెండో దాంట్లో ఆక్రమణదారులూ మనమే.

కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గురించి నేను రాసిన రెండు భాగాలు చదివి విద్యార్థి మిత్రులు చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. రక్షిత ప్రాంతాలు పెంచమని దళిత ఉద్యమం అడగాలా, అడ్డుకోవాలా? అడవుల్లో మనోళ్లని ఖాళీ చేయిస్తున్నారు కదన్నా, మరి క్యాంపస్‌లో చెట్ల కోసం కొట్లాడటం ఏం న్యాయం? మంచి ప్రశ్న. దీనికి సిద్ధాంతంతో జవాబు చెప్పడం నాకు చేతకాదు. నేను పుట్టింది కొల్లేరు బెల్టు గ్రామంలో. కాబట్టి కొల్లేరు నుంచే చెప్తాను.

ముందు సరస్సు సంగతి. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య పల్లంలో ఉన్న గిన్నె కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా బోలెడు డ్రెయిన్లు వచ్చి ఇందులో పడతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. పై నుంచి వరద వచ్చినప్పుడు ఈ గిన్నె నిండి, నిదానంగా సముద్రంలోకి వదులుతుంది. గిన్నె లోపల గట్లు వేసుకుంటూ పోతే నీళ్లు ఎక్కడికి పోతాయి? పక్కకి, వెనక్కి. ఊళ్లలో పల్లంలో ఉండేది ఎవరి ఇళ్లో మీకు చెప్పక్కర్లేదు. మా పేట ఊరికి పడమటి పల్లంలో ఉంది. మెరకంతా వాళ్లది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ మీద పడ్డప్పుడు పీకల్లోతు నీళ్లలో రోజుల తరబడి ఉన్నది సింగ్ నగర్ చుట్టుపక్కల పేద కాలనీలు. ఆ బుడమేరు చివరికి రావాల్సింది కొల్లేటిలోకే. గండ్లు పడిన తీరు, కాలువల ఇరుకు, గేట్ల సంగతి, ఆ వరదకి కారణాలు చాలా ఉన్నాయి. అన్నీ కొల్లేటి మీద వేయను. కానీ చివరి గిన్నె చిన్నదైన కొద్దీ పైనున్న బీదవాడి ఇంట్లో నీరు ఎక్కువసేపు నిలుస్తుంది. దీనికి సర్టిఫికెట్ అవసరం లేదు.

కాబట్టి చిత్తడి నేల కాపాడటం పక్షి ప్రేమికుల సరదా అనుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది.

మా పెద్దమ్మకి సెంటు భూమి లేదు. ఆమె చెప్పే కొల్లేరు నేను సగమే చూశాను. వానాకాలం నీరు ఊరి అంచు దాకా వచ్చేది. జనవరి దాటాక నీరు వెనక్కి తగ్గుతుంటే దాని వెనకే పేట నడిచేది. ఆడవాళ్లు బాతుల మేతకి నత్తలు ఏరేవాళ్లు. జమ్ము కోసి ఎండబెట్టి చాపలు అల్లేవాళ్లు, ఇళ్లు కప్పేవాళ్లు. కిక్కిస గడ్డి పొయ్యిలోకి. తూటికూర చారులోకి. మడుగుల్లో నీరు ఇంకుతుంటే బురదలో చేతులు పెట్టి కొర్రమీను, మార్పు, ఇంగిలాయి పట్టేవాళ్లు. ఎండాకాలం గేదెల్ని తోలుకుపోతే వానలు పడేదాకా పచ్చగడ్డి కరువుండేది కాదు. కూలి దొరకని నెలల్లో ఇల్లు గడిచింది వీటితోనే. "అప్పుడు ఆకలి లేదా పెద్దమ్మా?" అని అడిగితే నవ్వి, "ఆకలి ఉందిరా, కానీ ఆకలేస్తే వెళ్లడానికి ఒక చోటుండేది" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాత కొల్లేరు కులం లేని స్వర్గం కాదు. పడవ, వల, లోతు నీళ్ల వేట వడ్డి మత్స్యకారులవి. వాళ్ల లంకల్లో వాళ్ల కట్టుబాట్లు. మావులు పెట్టే చోటు మనది కాదు. మనకి మిగిలింది అంచు. నీళ్లు లోతు లేని చోటు, బురద, గడ్డి, నత్త. కాబట్టే అంచు పోతే అందరికంటే ముందు నష్టపోయేది మనం. మూడో కాంటూరుకీ ఐదో కాంటూరుకీ మధ్య ఉన్న నేల ఏదంటే, సరిగ్గా ఆ అంచే. ఏడాదిలో కొన్ని నెలలు నీళ్లు, కొన్ని నెలలు నేల. కొంగలు దిగేదీ అక్కడే, చేప గుడ్డు పెట్టేదీ అక్కడే, మా పెద్దమ్మ నత్తలు ఏరిందీ అక్కడే. కుదించమంటున్నది ఆ భాగాన్ని. 308లోంచి 135 తీసేస్తే 173 చదరపు కిలోమీటర్లు. ఎకరాల్లో చెప్పాలంటే సుమారు 43 వేలు.

ఇప్పుడు చెరువుల కథ. 1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం కొల్లేటిలో సొసైటీలు కట్టించి వడ్డివాళ్లకి, దళితులకి, ఇతర పేదలకి చేపల చెరువులు ఇచ్చింది. కాగితం మీద చూస్తే అంబేద్కర్ చెప్పిన సహకార పద్ధతి లాగే ఉంటుంది. మా నాన్న కూడా ఒక సొసైటీలో సభ్యుడు. చెరువు తవ్వాలంటే పెట్టుబడి కావాలి, చేపపిల్ల కావాలి, తవుడు కావాలి, పట్టుబడి రోజున ఐసు, లారీ కావాలి. ఇవేవీ లేనివాడికి చెరువిస్తే ఏమవుతుంది? రెండో మూడో ఏటికే మా సొసైటీ చెరువు ఊళ్లో ఒక పెద్దాయన చేతికి పోయింది. లీజు అన్నారు. తెల్ల కాగితం మీద వరసగా వేలిముద్రలు. నాన్నకి సంతకం వచ్చు, అయినా "వేలిముద్ర వెయ్యి చాలు" అన్నారంట. సంక్రాంతికి ముందు లీజు వాటా అని కొంత చేతిలో పెట్టేవాళ్లు. ఇంట్లో అందరికీ బట్టలు వచ్చేవి, అంతే. ఆ చెరువు మీద ఆదాయం ఎంతో మా సొసైటీలో ఎవరికీ తెలియదు. లెక్క అడిగినవాడికి ఆ ఏడు పొలంలో కూలి దొరకదు.

మా చిన్నాన్న మాత్రం రోజూ ఆ చెరువు మీదే ఉండేవాడు. కాపలాదారుగా. తన వాటా ఉన్న చెరువుకి తనే జీతానికి కాపలా. పక్షులు చేపపిల్లల్ని తినకుండా టపాకాయలు కాల్చడం, డబ్బా వాయించడం అతని పని. నేను సెలవుల్లో అన్నం క్యారేజీ తీసుకెళ్లేవాణ్ణి. గూడబాతుల గుంపు దిగబోతుంటే చిన్నాన్న టపాకాయ వెలిగించేవాడు, గుంపంతా గాల్లో ఒక చుట్టు తిరిగి ఉప్పుటేరు వైపు పోయేది. ఒకసారి "ఎందుకు బాబాయ్ పాపం" అన్నాను. "నాకేం సరదానా, ఒక్క చేపపిల్ల తగ్గినా నా జీతంలో కోస్తాడు" అన్నాడు. కొల్లేటి మీద జీవవైవిధ్యం గురించి ఏ సెమినార్‌లో విన్నా నాకు ఆ గట్టు గుర్తొస్తుంది. పక్షిని తరిమింది దళితుడి చెయ్యి. తరిమించింది ఎవరి లాభం అన్నది ఏ నివేదికలోనూ రాయరు.

అలా గట్టు పక్కన గట్టు. సొసైటీలకి ఇచ్చిన చెరువుల పేరు చెప్పుకుని ఎవరికీ ఇవ్వని చోట కూడా తవ్వారు. 2000ల మొదట్లో ఉపగ్రహ చిత్రాలు చూసిన శాస్త్రవేత్తలు సరస్సు లోపల వెయ్యికి పైగా చెరువులు లెక్కపెట్టారు. ఒకప్పుడు వేల గూడబాతులు గూళ్లు కట్టిన సరస్సు ఇది. 1970ల తర్వాత అవి ఇక్కడ గూళ్లు కట్టడం మానేశాయి. తర్వాత చాలా ఏళ్లకి కైకలూరు పక్కన ఆటపాకలో అటవీ శాఖ ఇనుప స్టాండ్లు పెడితే మళ్లీ వచ్చి వాటి మీద కట్టుకుంటున్నాయి. చెట్టు లేని పక్షికి ఇనుప స్టాండు, భూమి లేని మనిషికి తెల్ల కాగితం మీద వాటా.

ఇలా ఉండగా 1999 వచ్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 చదివారా ఎప్పుడైనా? లా చదివే పిల్లలు తప్పకుండా చదవండి. అభయారణ్యం చేసేటప్పుడు కలెక్టరు ఆ ప్రాంతంలో, చుట్టుపక్కల ప్రతి ఊళ్లో, ప్రాంతీయ భాషలో ప్రకటన వేయాలి. హక్కులున్నవాళ్లు 2 నెలల్లో చెప్పుకోవాలి. 21వ సెక్షన్. విచారణ చేసి ఆ హక్కుని కొనేయొచ్చు, లేదా 24వ సెక్షన్ కింద అభయారణ్యం లోపలే కొనసాగనివ్వొచ్చు. అంటే చట్టం ప్రకారం కూడా అభయారణ్యం అంటే మనుషులు లేని చోటు కానక్కర్లేదు. సంప్రదాయ వేట, రసాయనాలు లేని సాగు కొనసాగించుకోవచ్చని కొల్లేటి విషయంలోనూ చెప్పారు.

మరి చెప్పుకోవాల్సిన హక్కు ఏంటి? ఇక్కడే కులం దూరుతుంది. జిరాయితీ పట్టా ఉన్నవాడి హక్కు రికార్డులో కనిపిస్తుంది. ఐదో కాంటూరు లోపల అలాంటి భూమి దాదాపు 15 వేల ఎకరాలు ఉంది. డి-ఫారం పట్టా ఉన్నవాడిది సగం కనిపిస్తుంది. అప్పట్లో అమ్ముకోలేకపోయేవాడు, 1977 చట్టం ఒప్పుకునేది కాదు, కానీ కాగితం ఉంది. సొసైటీ సభ్యుడిది జాబితాలో ఒక పేరు. నత్తలు ఏరే ఆడమనిషికి? ఏమీ లేదు. నలభై ఏళ్లు ఆ నేల మీద బతికింది, ఏ ఫారంలోనూ ఆ పనికి గడి లేదు. ఆమె వెళ్లి కలెక్టరుకి "అయ్యా, నాకు నత్తలు ఏరుకునే హక్కుంది" అని రాసిస్తుందని ఎవరైనా అనుకున్నారా? మా పేటలో ఆ ప్రకటన సంగతి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. నేను పెద్దయ్యాక ఇంటింటికీ వెళ్లి అడిగాను.

2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఆపరేషన్ కొల్లేరు జరిగింది. పొక్లెయిన్లు వచ్చాయి. పోలీసులు వచ్చారు. గట్లకి గండ్లు కొట్టారు. సరస్సు దృష్ట్యా అది జరగాల్సిందే, ఈ మాట అప్పుడు మా పేటలో అంటే నన్ను కొట్టేవాళ్లు, ఇప్పుడైనా అంటాను. జరిగిన తీరు సంగతి వేరు. చెరువు పోయింది సొసైటీది. సొసైటీ అంటే మా నాన్న, మా చిన్నాన్న, మా పక్కింటివాళ్లు. లీజుదారుడి పేరు ఏ కాగితం మీదా లేదు కాబట్టి అతను ఆక్రమణదారుడు కాడు. ఎప్పుడూ లేడు అసలు. ముప్పై ఏళ్ల లాభం తీసుకున్నవాడు రికార్డులో లేడు, ముప్పై సంక్రాంతులు బట్టలు కట్టుకున్నవాడు ముద్దాయి. మా చిన్నాన్నకి కాపలా జీతం కూడా పోయింది. హైదరాబాద్ వెళ్లి అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అయ్యాడు. కాపలా తప్పలేదు, చోటు మారింది. నాలుగైదేళ్లకే చాలా చోట్ల గట్లు మళ్లీ లేచాయి. ఎవరు లేపారో, పొక్లెయిను అద్దె ఎవరి దగ్గరుందో కొల్లేటి మనుషులకి నేను చెప్పాలా?

2008లో శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మూడో కాంటూరుకి కుదించాలని. రిజర్వేషన్ మీద, భూ పంపిణీ మీద, అట్రాసిటీ కేసుల మీద ఏనాడైనా ఆ సభ అంత ఏకగ్రీవంగా నిలబడిందేమో మీరే వెతకండి. కేంద్రం అజీజ్ కమిటీని వేసింది. ఆ కమిటీ సరస్సు తిరిగి, జనంతో మాట్లాడి, ఐదో కాంటూరే ఉండాలి అని చెప్పింది. కుదింపు ఆగింది. డిమాండు ఆగలేదు. 2025లో సుప్రీంకోర్టు హద్దులు తేల్చమని గడువు పెట్టాక మళ్లీ ఊళ్లలో వినతిపత్రాలు తిరుగుతున్నాయి.

మా పేటకి కూడా ఒకటి వచ్చింది. "కొల్లేరులోని దళిత, మత్స్యకార, పేద వర్గాల జీవనోపాధి దృష్ట్యా" అని మొదలవుతుంది. కింద మా పేట పేర్లు ముందే టైపు చేసి ఉన్నాయి, పక్కన సంతకానికి గడి. చనిపోయిన మా నాన్న పేరు కూడా ఉంది. పాత సొసైటీ జాబితా ఎవరి బీరువాలోంచో బయటికి వచ్చిందన్నమాట. తెచ్చింది మన కుర్రాడే, డిగ్రీ చదువుతున్నాడు. "అన్నా, మనకి భూమి వస్తదంట, పెట్టు" అన్నాడు.

"ఎవరికి వస్తదని రాసి ఉంది తమ్ముడూ, చదువు" అన్నాను.

చదివాడు. ఎక్కడా లేదు. అభయారణ్యం లోంచి తీసేయమని ఉంది, తీసేశాక ఆ నేల ఎవరి పేరున ఎక్కాలో లేదు. భూమిలేని ఎస్సీ కుటుంబాలకి అని ఒక్క వాక్యం లేదు. ఆడవాళ్ల పేరు మీద అని లేదు. లీజు నిషేధం అని లేదు. ఆ 43 వేల ఎకరాల మీద అభయారణ్యం అనే ఒక్క అడ్డు తొలిగితే ముందు నిలబడేది ఎవరు? జిరాయితీ ఉన్నవాడు, పెట్టుబడి ఉన్నవాడు, సొసైటీ కాగితాలు బీరువాలో పెట్టుకున్నవాడు. మా పేట సంతకం పెట్టలేదు. అందరూ నా మాట విన్నారని కాదు, పెద్దమ్మ "మళ్లా వేలిముద్రేనా" అన్న ఒక్క మాటకి ఆగారు.

అందుకే నా వాదన ఇది. కొల్లేటి గీత ఐదులోనే ఉండాలి. వీలైతే రామ్‌సర్ లెక్క ప్రకారం పదో కాంటూరు దాకా ఉన్న నేలని కూడా కొత్త గట్లు, కొత్త కట్టడాలు రాకుండా కాపాడాలి. రక్షిత ప్రాంతం పెరిగితే దళితుడికి నష్టం అనే మాట భూస్వామి మనకి అప్పుగా ఇచ్చిన మాట. వడ్డీ కూడా వాడే తీసుకుంటాడు. ఉమ్మడి నేల, ఉమ్మడి నీరు తగ్గిన ప్రతిసారీ భూమి లేనివాడి బతుకు ఆధిపత్య కులం గుప్పిట్లోకి ఇంకొంచెం పోయింది. నీటి దగ్గర మన పోరాటం చిన్నది కాదు. మహద్ 1927లో చవదార్ చెరువు. కారంచేడు 1985లో మంచినీళ్ల చెరువు, అక్కడ గేదెల కుడితి బకెట్ కడగొద్దని అడ్డు చెప్పినందుకు మొదలైంది గొడవ. చెరువు శుభ్రంగా ఉండాలని అడిగింది మాదిగ మహిళ. ఈ దేశంలో పర్యావరణ ఉద్యమ చరిత్ర రాసేవాళ్లు ఆ చెరువుని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

కానీ గీత గీసేవాళ్లు మనల్ని అడగకుండా గీస్తే ఏం జరుగుతుందో కూడా చూస్తూనే ఉన్నాం. 2025 మే 30న తెలంగాణ ప్రభుత్వం జీవో 49 తెచ్చింది. కవ్వాల్ అడవిని మహారాష్ట్ర తాడోబాతో కలిపే పులుల దారిలో 1,492.88 చదరపు కిలోమీటర్లు కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వు అని ప్రకటించింది. పులికి ఆ దారి కావాలి, అందులో అబద్ధం లేదు. తాడోబాలో పుట్టిన పులి అటునుంచే నడిచి రావాలి. కానీ కన్జర్వేషన్ రిజర్వు చేయాలంటే స్థానిక జనంతో సంప్రదించాలని ఆ చట్టం 36ఎ సెక్షనే చెప్తుంది. మమ్మల్ని అడగలేదని ఆదివాసీలు బంద్‌లు చేశారు, జులైలో జీవో నిలిపేశారు. కుమ్రం భీం కొట్లాడింది జల్, జంగల్, జమీన్ కోసం. ఆయన పేరు పెట్టి ఆయన జనాన్నే అడగకపోవడం మన ప్రభుత్వాలకే సాధ్యం. ఇప్పుడు అక్కడ పులికీ నమ్మకం లేదు, మనిషికీ నమ్మకం లేదు.

ఇది ఇంకా పెరుగుతుంది. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలు 2030 నాటికి భూమిలో, నీటిలో 30 శాతం రక్షణలోకి తేవాలని ఒప్పుకున్నాయి. మన దేశమూ అందులో ఉంది. ఆ ఒప్పందంలో ఆదివాసుల హక్కులు, స్థానిక సమాజాల హక్కులు అనే మాటలున్నాయి. కులం అనే మాట లేదు. స్థానిక సమాజం అంటే మన ఊళ్లో ఎవరు? పంచాయతీ ఆఫీసులో కుర్చీలో కూర్చున్నవాడా, బయట గుమ్మం దగ్గర నిలబడ్డవాడా?

చట్టాల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. 36సి సెక్షన్ కింద ఊరివాళ్లే ముందుకొచ్చి తమ నేలని కమ్యూనిటీ రిజర్వు చేసుకోవచ్చు. మంచి ఆలోచన. దాని కమిటీలో పంచాయతీ ఎంపిక చేసిన సభ్యులు ఉంటారు, అటవీ శాఖ మనిషి ఒకరు ఉంటారు. ఎస్సీ సభ్యుడు ఉండాలని ఎక్కడా లేదు. అదే జీవవైవిధ్య చట్టం కింద 2004లో వచ్చిన నియమాలు చూడండి. ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, అధ్యక్షుడు కాక ఆరుగురి దాకా సభ్యులు, అందులో మూడో వంతు మహిళలు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ ఎస్టీలు ఉండాలని ఆ నియమాల్లో ఉండేది. ఎవరో కూర్చుని ఆలోచించి రాసిన వాక్యం అది. ఆ కమిటీ చేయాల్సిన మొదటి పని ఊరి జీవవైవిధ్య రిజిస్టరు రాయడం. ఏ చేప ఎక్కడ దొరుకుతుంది, ఏ గడ్డి ఎవరు కోస్తారు, ఎప్పుడు. మా పంచాయతీలో ఆ కమిటీలో ఎస్సీ సభ్యురాలు ఉన్నారు. ఉన్నట్టు ఆమెకి నేనే చెప్పాను. కూలికి వెళ్తూ దారిలో ఆగి, "నన్నెప్పుడు వేశారయ్యా?" అని అడిగింది.

ఇంకోటి, దీన్ని లా విద్యార్థులు పట్టుకోవాలని నా కోరిక. 2006 అటవీ హక్కుల చట్టంలో అటవీ భూమి అంటే అర్థం చూడండి. అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా అందులోకి వస్తాయని 2వ సెక్షన్ చెప్తుంది. 3వ సెక్షన్‌లో చేపలు, నీటి వనరుల మీద వచ్చే ఇతర ఉత్పత్తులు, పశువుల మేత, ఇవన్నీ సామూహిక హక్కులుగా రాసి ఉన్నాయి. అంటే నత్తకి గడి ఉన్న చట్టం ఒకటుంది! మరి అభయారణ్యమైన కొల్లేటిలో ఈ చట్టం మాట మా ఊరి గ్రామసభలో నేను ఒక్కసారీ వినలేదు. అడ్డం ఏంటంటే, ఆదివాసులు కానివాళ్లు 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉండి దాని మీదే బతికామని చూపించాలి. 1930 నాటి కాగితం దళితుడి ఇంట్లో ఎక్కడుంటుంది? దేశమంతా అడవి అంచున బతికే మనవాళ్లు ఆగిపోతున్నది ఈ 75 దగ్గరే. అయితే అదే చట్టం నియమాల్లో, దరఖాస్తు పెట్టినవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటని రాసుకుంటే అది కూడా సాక్ష్యమే అని ఉంది. లంకల్లో నివాసం ఉన్నవాళ్లకి, బెల్టులో ఉన్న మాలాంటివాళ్లకి ఇది ఒకేలా వర్తిస్తుందా అన్నది కోర్టులో తేలాల్సిన విషయం. తేలాలంటే ముందు ఎవరో ఒకరు అడగాలి కదా.

మా పేటలో ఎనభై దాటినవాళ్లు ఇప్పుడు నలుగురే ఉన్నారు. పెద్దమ్మ వాళ్లలో ఒకరు. పోయిన నెల నుంచి ఇద్దరు పీజీ అమ్మాయిలు ఆదివారాలు వచ్చి వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేసి కాగితం మీద పెడుతున్నారు. నీరు ఏ నెలలో ఎక్కడిదాకా వచ్చేది, జమ్ము ఏ దిబ్బ దగ్గర కోసేవాళ్లు, గేదెల్ని ఏ దారిన తోలేవాళ్లు, అన్నీ గ్రామ పటం మీద గుర్తులు పెడుతున్నారు. పెద్దమ్మకి పటం అర్థం కాదు, నేల మీద పుల్లతో గీసి చూపిస్తుంది, వాళ్లు దాన్ని పటంలోకి ఎక్కిస్తారు. ఆమె గీసిన నీటి అంచుని ఐదో కాంటూరు గీత పక్కన పెట్టి చూస్తే రెండు చోట్ల మాత్రమే తేడా వచ్చింది. ఆ రెండు చోట్లా పెద్ద గట్లున్నాయి.

బెల్టు గ్రామాలు 76, లోపలి లంక గ్రామాలు 46. మనకి మనుషులు చాలరు. ఏలూరు, కైకలూరు, భీమవరం కాలేజీల్లో చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఆదివారాలు రాగలిగితే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. మీది వడ్డి పేట అయితే ఇంకా మంచిది, మీ మావుల లెక్క మాకు తెలియదు. అన్నం మా ఇంట్లో. ఎండాకాలంలో అయితే కొర్రమీను ఆశ పెట్టుకోవద్దు, ఈ మధ్య దొరికేదంతా చెరువు బొచ్చె.

ఉప్పుటేరు పూడిక గురించి వచ్చే భాగంలో.

జై భీమ్.